వాల్వు ఎవరు కట్టాలి? ఉద్దానంలో ఒక అతిసారం కేస్ స్టడీ

ఊళ్లో అతిసారం ప్రబలితే ఏం చెయ్యాలో చెప్పే కాగితాలకు మన దగ్గర కొదవ లేదు. ఏటా వానలకు ముందు సీజనల్ వ్యాధుల యాక్షన్ ప్లాన్ ఒకటి తయారవుతుంది. అందులో టీములు, ఫోన్ నంబర్లు, మందుల స్టాకు, అంబులెన్సులు అన్నీ ఉంటాయి. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేసినప్పుడు మా దగ్గరా ఉండేది, మంచి ప్లానే. కానీ నిజంగా అతిసారం వచ్చిన రోజున ఆ కాగితంలో లేని రెండు ప్రశ్నలే మా ముందు నిలబడ్డాయి. నీళ్ల లైను వాల్వు కట్టెయ్యమని, అంటే మూసెయ్యమని చెప్పే అధికారం ఎవరిది? ఈ ఊళ్లో కొన్ని గంటలు ఒంట్లో నీరు తగ్గినా తట్టుకోలేనివాళ్లు ఎవరు? ఈ రెండింటికీ జవాబు జబ్బు రాకముందే రాసి ఉండాలి, వచ్చాక వెతుక్కుంటే గంటలు పోతాయి, కలరాలో గంటలంటే ప్రాణాలే. ఈ రాతంతా ఆ మాట చెప్పడానికే.

ఊరి పేరు, మండలం పేరు, కేసుల లెక్క కావాలనే రాయడం లేదు. చిన్న ఊరు, నంబరు చెబితే చాలు అది ఎవరి ఇల్లో చుట్టుపక్కల వాళ్లకు తెలిసిపోతుంది. పీహెచ్‌సీల్లో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో, సచివాలయాల్లో పనిచేసేవాళ్లకు పనికొచ్చే సంగతులు మాత్రం ఏదీ వదలకుండా చెబుతాను.

ఊరు, దాని నీళ్లు

ఉద్దానం అంటే తెలియనివాళ్లు తక్కువే. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్లు. ఇంత పచ్చదనంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయన్నది దశాబ్దాలుగా తేలని ప్రశ్న. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. సోంపేట, పలాస లాంటి చోట్ల డయాలసిస్ యూనిట్లు నడుస్తున్నాయి. మా ఊళ్లోనూ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) ఎక్కువున్నవాళ్లు వీధికి కొందరు ఉండేవారు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లొచ్చేవాళ్లూ ఉండేవారు. అతిసారం ప్లాన్‌లో కిడ్నీ ప్రస్తావన ఎందుకని అడిగేవాళ్లుంటారు. అదే అసలు విషయం, ముందుకెళ్లాక మీకే తెలుస్తుంది.

నీళ్ల సంగతి ఇది. ఒక బోరు, 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, దాన్నుంచి మూడు లైన్లు. పై వీధి, మధ్య వీధి, కింది వీధి. కింది వీధి లైను ఒకచోట మురుగు కాలువ అడుగునుంచి దాటుతుంది. ఆ వీధి ట్యాంకుకు దూరం కాబట్టి నీళ్లు సన్నగా వస్తాయి. అందుకని జనం కుళాయి దగ్గర గొయ్యి తవ్వి, పైపును నేలమట్టం కంటే కిందికి దించి బిందె పెట్టుకుంటారు. ఆ గోతిలో వాన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు నిలుస్తాయి. స్తోమతున్న కొన్ని ఇళ్లవాళ్లయితే కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతారు. ఇదంతా ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లలో కనబడేదే, ఎవరినీ తప్పుపట్టి రాయడం లేదు. నీళ్లు రాకపోతే మనిషి ఏదో ఒకటి చేస్తాడు కదా.

సమస్య పైపు లోపల జరిగే పని. లైనులో నీళ్లు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు పైపుకు చిల్లున్నా నీళ్లు బయటికే పోతాయి తప్ప మురుగు లోపలికి రాదు. సప్లై ఆగగానే లైను ఖాళీ అవుతుంది, ఒత్తిడి పోతుంది, అప్పుడు చిల్లు దగ్గరున్న మురుగు, గోతిలో మునిగిన కుళాయి చుట్టూ ఉన్న నీళ్లు లోపలికి చేరతాయి, మోటారు లాగితే ఇంకా గట్టిగా చేరతాయి. ఆ ఏడాది వానాకాలం చివర అల్పపీడనం పట్టి వరసగా వాన కురిసింది, కరెంటు పోయింది, బోరు ఆడలేదు, ట్యాంకు ఎండింది, కాలువ పొంగి కింది వీధిలోకి వచ్చింది. కరెంటు వచ్చాక అందరూ ఒక్కసారిగా కుళాయిలు తిప్పారు. పైపులోకి ఏం చేరిందో అది బిందెల్లోకి వచ్చింది. తర్వాత రెండో రోజుకే జబ్బు మొదలైంది. కలరా క్రిమి ఒంట్లోకి వెళ్లాక కొన్ని గంటల నుంచి 5 రోజుల లోపు బయటపడుతుంది, కాబట్టి లెక్క సరిపోయింది.

కబురు ఎలా వచ్చింది

కబురు ఐహెచ్‌ఐపీ పోర్టల్ (అంటువ్యాధుల సమాచారం నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు) నుంచి రాలేదు, ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. తన దగ్గరున్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు పొద్దున్నకే అయిపోయాయని, కింది వీధిలో ఆర్ఎంపీ ఒకే వరండాలో నలుగురికి సెలైన్ పెట్టాడని చెప్పింది. "పిల్లలు కాదు మేడమ్, అందరూ పెద్దోళ్లే" అంది. నాకు ఆ ఒక్క మాటతో టెన్షన్ పట్టుకుంది. వానాకాలంలో చిన్నపిల్లలకు విరేచనాలు ఎప్పుడూ ఉండేవే. పెద్దవాళ్లు, అదీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, ఒకే వీధిలో ఒకేరోజు బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలతో కళ్లు గుంటలు పడి పడిపోతే కలరా అనే అనుకుని కదలాలి. కాదని తేలితే నష్టమేం లేదు, అవునని ఆలస్యంగా తేలితే మాత్రం చాలా నష్టం.

వెళ్లేముందే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కు ఫోన్‌లో చెప్పి, పోర్టల్‌లో ఈవెంట్ అలర్ట్ పెట్టించాం. కేసు అంటే ఎవరన్నది ఒక వాక్యంలో రాసుకున్నాం: ఫలానా తేదీ తర్వాత ఈ ఊళ్లో 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలు అయినవాళ్లు, ఏ వయసైనా సరే. ఈ వాక్యం లేకుండా ఇంటింటికీ వెళ్తే ఒక ఏఎన్ఎం రాసిన లెక్కకు ఇంకో ఏఎన్ఎం లెక్కకు పొంతన ఉండదు. ఎవరి పేరు, ఏ వయసు, ఏ ఇల్లు, ఎప్పుడు మొదలైంది, ఏ కుళాయి నీళ్లు తాగారు, కిడ్నీ జబ్బు ఉందా. ఈ చివరి ప్రశ్న మామూలు ఫారంలో ఉండదు, మేమే కలుపుకున్నాం.

యాంటీబయాటిక్ ఇవ్వకముందే నలుగురైదుగురి దగ్గర శాంపిల్ తీసి క్యారీ బ్లెయిర్ మీడియంలో (ల్యాబుకు చేరేదాకా క్రిమిని బతికించి ఉంచే పదార్థం) పెట్టి మెడికల్ కాలేజీ ల్యాబుకు పంపాం. మందు పడ్డాక తీస్తే క్రిమి పెరగకపోవచ్చు. ఆ మీడియం గొట్టాలు పీహెచ్‌సీలో ఎక్స్‌పైరీ కాకుండా ఉన్నాయా అన్నది ప్రతి జూన్‌లో చూసుకోవాల్సిన పని.

తర్వాత క్లోరిన్ పరీక్ష. నీళ్లలో పరీక్ష మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. ఇది చాలామంది ట్యాంకు దగ్గర చేసి, రంగు వచ్చిందని రాసుకుని వచ్చేస్తారు. ట్యాంకు కింద కుళాయిలో మాకూ పసుపు రంగు బాగానే వచ్చింది. పై వీధి చివర కొంచెం లేతగా వచ్చింది. కింది వీధి చివరి కుళాయిలో ఏ రంగూ రాలేదు, మళ్లీ చేసినా రాలేదు. ట్యాంకులో క్లోరిన్ ఉంది, లైను చివర లేదు, అంటే దారిలో ఏదో మురికి దాన్ని తినేస్తోంది. జబ్బు ట్యాంకులో లేదు, కింది లైనులో ఉంది. ఈ మూడు చుక్కల పరీక్షలు పది నిమిషాల పని. ల్యాబ్ రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, నీళ్ల నిర్ణయం దాని కోసం ఆగకూడదు. హెచ్2ఎస్ సీసాల్లో (మురుగు క్రిములుంటే నీళ్లు నల్లబడే సీసాలు) కూడా నీళ్లు పట్టి పెట్టాం, కింది వీధివి మర్నాటికి నల్లబడ్డాయి. కానీ అప్పటికే చెయ్యాల్సింది చేసేశాం, చెయ్యడానికి ఎంత తంటా పడ్డామో ఇప్పుడు చెబుతాను.

వాల్వు

కింది వీధి వాల్వు ట్యాంకు పక్కనే గోతిలో ఉంది. తిప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. పంపు ఆపరేటర్ తాళంచెవి చేత్తో పట్టుకుని, "నేను కట్టేస్తాను మేడమ్, రేపు ఊరోళ్లు నామీద పడితే ఎవరు కాస్తారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అతనిది చిన్న జీతం, అదే ఊళ్లో బతకాలి. కార్యదర్శిని అడిగితే ఇంజినీరింగ్ వాళ్లు చెప్పాలన్నారు. ఇంజినీర్ వేరే ఊళ్లో తెగిన లైను దగ్గర ఉన్నారు, లైను చూడకుండా ఎలా చెప్పనన్నారు. సర్పంచ్ గారు మంచివారే, కానీ "పండగ ముందు నీళ్లు ఆపితే ఊరు ఊరుకోదమ్మా, రిపోర్టు రానివ్వండి" అన్నారు. వీళ్లలో ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కారు. ఎవరికి వాళ్లు తమ చేతిలో లేదనే నిజంగా నమ్మారు, ఎందుకంటే ఎవరి చేతిలో ఉందో ఎక్కడా రాసి లేదు. కలెక్టరుకు చట్టప్రకారం అన్ని అధికారాలూ ఉంటాయి, కానీ ఆ అధికారం ఫోన్ల మీద ఫోన్లు దాటి వాల్వు గోతి దాకా దిగిరావడానికి పట్టే సమయం సంగతేంటి? ఆ సమయంలో కింది వీధిలో సాయంత్రం నీళ్లు వదిలే వేళ దగ్గరపడుతోంది.

చివరికి ఎంపీడీవో గారు, తహసీల్దారు గారు ఇద్దరితో ఒకే కాల్‌లో మాట్లాడి, క్లోరిన్ పరీక్ష ఫొటోలు పంపితే నోటిమాటగా సరే అన్నారు. సాయంత్రం సప్లైకి కాస్త ముందు వాల్వు కట్టాం. వ్యవస్థ పనిచేసిందని దీన్ని చూపించడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు ఇద్దరు అధికారులూ ఫోన్ ఎత్తారు కాబట్టి పని అయింది. ఎత్తకపోతే ఆ సాయంత్రం ఇంకో వీధి సగం జబ్బు పడేది.

వాల్వు కన్నా ముందు చూసుకోవాల్సింది ట్యాంకరు. ఇది నేను మళ్లీ మళ్లీ చెబుతాను. మంచి నీళ్లు ఊళ్లోకి రాకుండా కుళాయి కట్టేస్తే జనం దాహంతో కూర్చోరు, దగ్గర్లో ఏ నీళ్లుంటే ఆ నీళ్లు తెచ్చుకుంటారు. ఆ ఊళ్లో కింది వీధికి ఆనుకుని ఒక పాత నేలబావి ఉంది, కట్టుబడి విరిగి, వాననీళ్లు నేరుగా పడుతున్న బావి. కుళాయి కంటే అది ప్రమాదం. అందుకే ట్యాంకరు బయల్దేరిందని తెలిశాకే వాల్వు తిప్పించాం. ట్యాంకరు వచ్చాక కూడా దాని నీళ్లలో క్లోరిన్ పరీక్షించాం, ఎందుకంటే ట్యాంకరు నీళ్లు శుభ్రమైనవని ఎవరూ రాసివ్వరు.

అయినా కొందరు బావి దగ్గరికి వెళ్తారని తెలుసు కాబట్టి దాన్ని కూడా క్లోరినేషన్ చేశాం. లెక్క తెలియనివాళ్ల కోసం చెబుతాను. బావి వ్యాసం 3 మీటర్లు, నీళ్ల లోతు 2 మీటర్లు అనుకోండి. 3.14ను వ్యాసంతో రెండుసార్లు గుణించి, లోతుతో గుణించి, 4తో భాగిస్తే 14 ఘనపు మీటర్లు, అంటే 14 వేల లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడరుకైతే 1000 లీటర్లకు 2.5 గ్రాములు, అంటే దాదాపు 35 గ్రాములు. నీళ్లు మురికిగా ఉంటే ఇంకా కావాలి, ఎంతో పరీక్ష చేసి తేల్చుకోవాలి. పొడిని నేరుగా బావిలో చల్లకూడదు. బకెట్లో కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, ఇంకాసిన్ని నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగేదాకా పదినిమిషాలు ఆగి, పై తేట నీటిని ఇంకో బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను తాడుతో నీళ్లలోకి దించి పైకీ కిందికీ ఆడించాలి. గంటసేపు ఎవరూ తోడకూడదు. తర్వాత పరీక్షిస్తే లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, లేకపోతే మళ్లీ వెయ్యాలి. బావి దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టాం, పొద్దున సాయంత్రం ఇదే పని.

బ్లీచింగ్ గురించి ఇంకో మాట. అతిసారం వచ్చిన ఊరికి వెళ్తే రోడ్ల పక్కన తెల్లటి గీతలు కనబడతాయి. ఆ పౌడరు వల్ల కలరా ఆగదు. కలరా నోటిలోకి వెళ్లే నీళ్ల ద్వారా, చేతుల ద్వారా వస్తుంది, రోడ్డు ద్వారా కాదు. ఆ బస్తా ట్యాంకులోకి, బావిలోకి, రోగుల బకెట్లలోకి వెళ్లాలి. పైగా తాజా బ్లీచింగ్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది, మూతి విప్పిన బస్తాలో, తేమ గదిలో అది రోజురోజుకీ తగ్గిపోతుంది. నిరుటి బస్తా వాడి లెక్కప్రకారం వేశామని నిశ్చింతగా ఉంటే మోసపోతాం.

బడిలో వైద్యం

సెలవులు కాబట్టి ఊరి బడి తాళం తీయించి అక్కడే శిబిరం పెట్టాం. ఒక గదిలో ఓఆర్ఎస్, ఒక గదిలో సెలైన్, వరండాలో వచ్చినవాళ్లను చూసి ఎవరు ఏ గదిలోకి వెళ్లాలో తేల్చే బల్ల. ప్రతి మంచం పక్కన ఒక బకెట్, విరేచనం అందులోనే, దానికి బ్లీచింగ్ ద్రావణం. ఎంత పోయిందో కొలవకుండా ఎంత ఇవ్వాలో తెలియదు కదా. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కాస్త నీరసంతో నడిచి వచ్చినవాళ్లే, వాళ్లకు ఓఆర్ఎస్ చాలు.

మోతాదుల గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ప్రాణాలు నిలుస్తాయి. ఓ మోస్తరు డీహైడ్రేషన్ ఉంటే కిలోకు 75 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ 4 గంటల్లో ఇవ్వాలి. 50 కిలోల మనిషికి దాదాపు 4 లీటర్లు. రోగి బంధువులు గ్లాసుడు ఇచ్చి తాగించామంటారు, అది లెక్కలోకి రాదు. నాడి అందక, కళ్లు లోపలికి పోయి, చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోతుంటే రింగర్ లాక్టేట్ (లవణాలున్న సెలైన్) కిలోకు 100 మిల్లీలీటర్లు. అందులో 30 మొదటి అరగంటలోనే, మిగతా 70 తర్వాతి రెండున్నర గంటల్లో. ఏడాది లోపు పిల్లలకైతే మొదటిది గంటలో, రెండోది 5 గంటల్లో. అంటే 50 కిలోల మనిషికి మొదటి అరగంటలో అరలీటరు బాటిళ్లు మూడు లోపలికి పోవాలి, రెండు చేతులకూ సూది పెట్టాలి. ఊళ్లలో చూస్తుంటాం, ఒక గ్లూకోజు బాటిల్ పెట్టి రెండు గంటలు చుక్కలు చుక్కలుగా ఎక్కించి ఇంటికి పంపుతారు. అందులో చక్కెర తప్ప ఉప్పు లేదు, వేగమూ లేదు. మనిషి సెలైన్ పెట్టించుకున్నాడనే ధైర్యంతో ఇంటికి వెళ్లి రాత్రికి కుప్పకూలతాడు. ఐదేళ్ల లోపు పిల్లలకు జింక్ మాత్రలు 14 రోజులు ఇచ్చాం. యాంటీబయాటిక్ బాగా నీరసించినవాళ్లకే, పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 300 మిల్లీగ్రాములు ఒక్కసారి, గర్భిణులకు, పిల్లలకు అజిత్రోమైసిన్. ఊరందరికీ మాత్రలు పంచమని పెద్దలు చాలా ఒత్తిడి తెచ్చారు, ఇవ్వలేదు. దానివల్ల జబ్బు ఆగదు, క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుంది.

జనానికి నమ్మకం సెలైన్ మీదే. నోటితో తాగేది మందులా కనబడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కిక్కిరిసిన బొంగావ్ శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారని, 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయని మా సిబ్బందికి ఆ సాయంత్రమే చెప్పాను. వాళ్లకు ముందు నమ్మకం కుదరాలి, అప్పుడే రోగికి కుదురుతుంది. ఇంకో చిక్కు, కొందరు షాపులో ఓఆర్ఎస్ అని రాసిన పండ్ల రుచుల టెట్రా ప్యాక్‌లు కొని తాగించారు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలాంటి డ్రింకుల మీద వాడకూడదని చెప్పింది. ఆమెకు ఊళ్లలో పనిచేసే మాలాంటివాళ్లందరం రుణపడి ఉంటాం.

ఇక కొబ్బరి బొండాం. ఉద్దానంలో ఎవరికి నీరసం వచ్చినా చెట్టెక్కి బొండాం దించుతారు, అది ప్రేమ. మామూలు మనిషికి కొంచెం తాగితే పరవాలేదు, కానీ అది ఓఆర్ఎస్ కాదు, సోడియం చాలా తక్కువ. కిడ్నీ రోగికి మాత్రం అది ప్రమాదం. బొండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రం సరిగా రాని మనిషికి పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఇంకోవైపు డయాలసిస్ రోగులకు నీళ్లు కొలిచి తాగమని ఎప్పుడూ చెబుతుంటాం కాబట్టి వాళ్లు విరేచనాలు అవుతున్నా భయపడి నీళ్లే తాగరు. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగికి ఒక్క రాత్రి డీహైడ్రేషన్ చాలు, మిగిలిన కిడ్నీ పనితనం పోవడానికి. అందుకే ఏఎన్ఎం, ఎంఎల్‌హెచ్‌పీ (విలేజ్ హెల్త్ క్లినిక్ చూసే ఆరోగ్య సిబ్బంది) ఇద్దరూ కూర్చుని ఎన్సీడీ రిజిస్టర్ (దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ల పేర్ల పుస్తకం) నుంచి కింది వీధి, మధ్య వీధి కిడ్నీ రోగుల పేర్లు రాత్రికి రాత్రి తీశారు. జబ్బు రాకపోయినా ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పారు: ఒక్క విరేచనం అయినా బడికి రండి, బొండాం వద్దు, నొప్పి మాత్రలు వద్దు. వచ్చినవాళ్లకు ద్రవం ఆపలేదు, షాక్‌లో ఉన్న మనిషికి కిడ్నీ జబ్బుందని నీళ్లు ఆపడం తప్పు. బాటిల్ బాటిల్‌కూ ఊపిరితిత్తులు విని, మూత్రం చూసి, కాస్త తేరుకోగానే డయాలసిస్ ఉన్న ఆస్పత్రికి 108లో పంపాం.

ఆర్ఎంపీలను పోలీసులతో బెదిరించాలని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఊరు ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే, వాళ్లు తలుపు మూసుకుంటే కేసులు కనబడకుండా పోతాయి. ముగ్గురినీ బడికి పిలిచి, ఓఆర్ఎస్ పెట్టె ఇచ్చి, మూడే మాటలు చెప్పాను. వచ్చిన ప్రతి పేరూ మాకు చెప్పండి. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు వెయ్యకండి. డైక్లోఫెనాక్ వెయ్యకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మూడూ కిడ్నీల మీద దెబ్బ కొడతాయి, ఉద్దానంలో అయితే మరీ. వాళ్లలో పెద్దాయన "మాకు ఇంతవరకూ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు మేడమ్" అన్నాడు. మర్నాటి నుంచి పొద్దున్నే పేర్ల చీటీ వచ్చేది.

కిడ్నీ రోగుల ఇళ్లకు తిరుగుతున్నప్పుడే ఒక మరణం బయటపడింది. ఆశా ఫోన్ చేసిన ముందు రాత్రే కింది వీధిలో ఒక పెద్దమనిషి పోయారు. చాలాకాలంగా కిడ్నీ జబ్బు. ఇంట్లోవాళ్లూ, ఊరూ అదే కారణం అనుకున్నారు, దహనం అయిపోయింది. ఏఎన్ఎం నిదానంగా అడిగితే వాళ్లమ్మాయి చెప్పింది, సాయంత్రం నుంచి వాంతులు, లెక్కలేనన్ని బేదులు అని. మొదటి కేసుల్లో ఆయన ఒకరు. ఉద్దానం లాంటి చోట ఇదే ప్రమాదం. పాత జబ్బు కొత్త జబ్బును కప్పేస్తుంది, మొదటి మరణం ఎవరికీ హెచ్చరికగా అందదు. అప్పటినుంచి మా పరిధిలో కిడ్నీ రోగి ఎవరు చనిపోయినా చివరి మూడు రోజుల్లో విరేచనాలు అయ్యాయా అని ఆశా తప్పకుండా అడగాలని పెట్టుకున్నాం.

జనంతో మాట్లాడటం కూడా వైద్యమే. ట్యాంకరు నీళ్లలో క్లోరిన్ వాసన వస్తోందని కొందరు పారబోశారు. "ఏటమ్మా, ఈ మందు కంపు నీళ్లు గేదె కూడా ముట్టదు" అని ఒక అవ్వ నా ముందే బిందె వంపేసింది. ట్యాంకులో ఎవరో ఏదో కలిపారని పుకారు కూడా లేచింది. డ్వాక్రా సంఘాల లీడర్లు ఇంటింటికీ వెళ్లి, బిందె మూత తీసి కాసేపు ఉంచితే వాసన తగ్గుతుందని, వాసన ఉందంటే క్రిమి లేదని గుర్తని చెప్పారు. మైకులో నేను చెప్పినదానికంటే వాళ్లు అరుగు మీద కూర్చుని చెప్పిందే పనిచేసింది.

లిస్టులో పేర్లను ఊరి పటం మీద చుక్కలుగా పెడితే ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. చుక్కలు దాదాపు అన్నీ కింది లైను మీదే. అదే వీధిలో సొంత బోరు నీళ్లు తాగే ఇళ్లలో దాదాపు ఎవరికీ లేదు. మధ్య వీధిలో వచ్చిన కొద్దిమందీ కింది వీధిలో చుట్టాలింట తిన్నవాళ్లో, రోగికి సేవ చేసినవాళ్లో. ఇంజినీర్ గారు వచ్చి కాలువ అడుగున తవ్విస్తే పైపు జాయింటు దగ్గర పగులు కనబడింది. వాల్వు కట్టిన మర్నాడు కూడా కేసులు వచ్చాయి, ముందే క్రిమి తాగినవాళ్లు కాబట్టి వస్తాయి, దానికి కంగారు పడకూడదు. తర్వాత తగ్గుతూ పోయాయి. విబ్రియో కలరే ఓ1, అంటే కలరా క్రిమే అని ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి కొత్త కేసులు దాదాపు ఆగిపోయాయి. రెండు ఇంక్యుబేషన్ కాలాలు (క్రిమి ఒంట్లోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి పట్టే 5 రోజులకు రెట్టింపు), అంటే చివరి కేసు తర్వాత 10 రోజులు గడిచేదాకా శిబిరం బల్ల తీయలేదు.

తర్వాత రాసుకున్న ప్లాన్

ఇదంతా అయ్యాక మండల స్థాయిలో కూర్చున్నాం. నేను అడిగింది ఒకటే, వాల్వు సంగతి కాగితం మీదికి రావాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసినప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుకుంది. అలాంటివి జరిగిన ప్రతిసారీ నీళ్లు బాగోలేవనే అంటాం, కానీ బాగోలేని నీళ్లను ఆ గంటలో ఎవరు ఆపాలన్నది మాత్రం ఎవరూ రాయరు. మేం ఇలా రాసుకున్నాం: ఒకే లైను మీద ఒకే రోజు ఇద్దరు పెద్దవాళ్లకు తీవ్రమైన నీళ్ల విరేచనాలు, ఆ లైను చివరి కుళాయిలో క్లోరిన్ సున్నా. ఈ రెండూ కలిస్తే ఊళ్లో ఉన్న ఏఎన్ఎం గానీ ఎంఎల్‌హెచ్‌పీ గానీ రాతపూర్వకంగా చెబితే పంపు ఆపరేటర్ ఆ వాల్వు కట్టాలి, ట్యాంకరుకు ఫోన్ చేశాకే కట్టాలి, కట్టాక కార్యదర్శికి చెప్పాలి. అనుమతి అడగడం కాదు, చెప్పడం. కింద ఎంపీడీవో గారి సంతకం, ఇంజినీర్ గారి సంతకం. ఆపరేటర్ అడిగిన ప్రశ్నకు ఆ రెండు సంతకాలే జవాబు. సంతకాలకు చాలా చర్చ జరిగింది. అనవసరంగా కట్టేస్తే ఏంటని అడిగారు. అనవసరంగా కడితే ఒక పూట ట్యాంకరు ఖర్చు, అంతే.

మిగతాదంతా ఊరికి ఒక పేజీ. లైన్ల పటం, ఏ వాల్వు ఏ వీధిది, కాలువ దాటే చోట్లు, బావులు, వాటి కొలతలు, వెయ్యాల్సిన బ్లీచింగ్ గ్రాములు ముందే లెక్కగట్టి. ట్యాంకరు ఎక్కడ నింపాలి. బడి తాళం ఎవరి దగ్గర. 108 ఏ దారిలో వస్తుంది, వానకు ఆ దారి మునిగితే ఏ దారి. ఆర్ఎంపీల నంబర్లు. ఇవి గోడకు అంటించాం. కిడ్నీ రోగుల పేర్లు మాత్రం గోడ మీద పెట్టలేదు, క్లినిక్ రిజిస్టర్‌లోనే, మూడు నెలలకోసారి సరిచూసుకుంటూ. ఈ పేజీ తయారు చెయ్యడానికి కావలసింది ఊరంతా ఒకసారి నడవడం, ఆపరేటర్‌తో, వీధి చివర ఇళ్లవాళ్లతో మాట్లాడటం. ఆఫీసులో కూర్చుని నింపితే కాలువ దాటే చోటు ఎవరికీ తెలియదు.

తర్వాతి వానాకాలంలో మా పరిధిలోనే ఇంకో ఊళ్లో ఇది అక్కరకొచ్చింది. ఒకే లైను మీద పెద్దవాళ్లకు విరేచనాలు మొదలయ్యాయి, ఎంఎల్‌హెచ్‌పీ చివరి కుళాయి పరీక్షిస్తే రంగు రాలేదు. ఆ అమ్మాయి ఎవరినీ అడగలేదు. ట్యాంకరుకు ఫోన్ చేసి, కాగితం రాసి, వాల్వు కట్టించి, తర్వాత నాకు చెప్పింది. మేం వెళ్లేసరికి కిడ్నీ లిస్టులో ఉన్న ఇళ్లన్నీ ఆశాలు తిరిగేశారు. కేసులు ఆ వీధి దాటలేదు, ఎవరినీ పోగొట్టుకోలేదు.

మొదటి ఊళ్లో పని ఇంకా మిగిలే ఉంది. కాలువ దాటే చోట పైపును పైకెత్తి వేశారు, పగిలిన జాయింటు మారింది. కుళాయి గోతులు సగం పూడ్చారు. మోటార్లు మాత్రం పోలేదు, లైనులో ఒత్తిడి పెరగకుండా మోటారు తీసేయమంటే వినేవాళ్లు లేరు, వాళ్ల ఇబ్బంది నిజమే. కింది వీధికి విడిగా ఇంకో చిన్న ట్యాంకు కావాలని ప్రతిపాదన వెళ్లింది. అది వచ్చేదాకా ఆ లైను చివరి కుళాయిలో వారానికి రెండుసార్లు, వాన పడ్డా కరెంటు పోయి వచ్చినా వెంటనే, క్లోరిన్ పరీక్ష చెయ్యాలని ఆ ఊరి పేజీలో రాసి ఉంది.